నాలుగో బెర్తు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ రజిని కొనిచ్చింది. మనసులో ఉన్నది కాగితం మీద పెడితే నిద్ర పడుతుందని వాళ్ల కాలేజీకి వచ్చిన యోగా టీచరు చెప్పిందట. ఈ హిందీ ఊళ్లో పుట్టి పెరిగిన నా కూతురికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అందుకే ధైర్యంగా తెలుగులో మొదలుపెట్టాను. మా అమ్మ పట్టుబట్టి నేర్పిన అక్షరాలు ఇన్నాళ్లకి ఇలా పనికొస్తున్నాయి.

ఈరోజు ప్రతాప్‌గారు పిలిచారు. హైదరాబాద్ నుంచి వచ్చి జనరల్ మేనేజరు కుర్చీలో కూర్చుని మూడు నెలలైంది. కంపెనీ పని మీద ఊళ్లు తిరిగేవాళ్లకి టికెట్లు ఏప్రిల్ ఒకటి నుంచి ఎలా తీయాలో తేల్చి రిపోర్టు ఇమ్మన్నారు. మూడు దారులున్నాయట. ఇప్పటిలాగే ఆఫీసులో ఒక మనిషి కూర్చుని తీయడం ఒకటి. రాయ్‌పూర్‌లో ఏజెన్సీకి అప్పగించడం రెండోది. ఎవరి ఫోన్లో వాళ్లు యాప్ తెరిచి అడిగితే, నేను ఇక్కడ కూర్చుని అప్రూవ్ చేయడం మూడోది. మార్చి పదికల్లా ఏదో ఒకటి రాసివ్వాలి.

"ఆ డెస్కులో ఉన్న సన్యాసిరావుగారు మీకు చుట్టమట కదా. ఆయన పని మీకు బాగా తెలిసే ఉంటుంది" అన్నారు.

చుట్టమే. మా ఆయన రమణకి సొంత అన్నగారు. రమణ పోయిన మూడో నెలలో నన్ను వెంటబెట్టుకొచ్చి, పాత యజమాని ముందు నిలబెట్టి, ఈ ఆఫీసులో కుర్చీ ఇప్పించిన మనిషి. ఆ కుర్చీలో కూర్చుని ఇప్పుడు ఆయన కుర్చీ ఉంచాలో తీసేయాలో నేను రాయాలి.

ఫిబ్రవరి 4

బావగారికి చెప్పలేదు. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 6

చెప్పలేదు. నాకంటే ముందు ఎవరో చేరవేశారు. మధ్యాహ్నం బావగారే నా టేబులు దగ్గరికి వచ్చారు.

"నా డెస్కు మీద ఏటో రాస్తన్నావట."

అవునన్నాను.

"అచ్ఛా. ఉన్నదున్నట్టు రాయమ్మా. నాకేటీ ఇబ్బంది లేదు."

అంతే, వెళ్లిపోయారు. ఎవరైనా మామూలుగా అనే మాటే. నాకు మాత్రం అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

పని మొదలుపెట్టాను. నిరుటి రిజిస్టర్లన్నీ తిరగేశాను.

మాది బెల్టులు అతికించే కంపెనీ. బొగ్గు గనుల్లో, కరెంటు ప్లాంటుల్లో బొగ్గు మోసే పెద్ద బెల్టు తెగితే పని మొత్తం ఆగిపోతుంది. పొద్దున్న తొమ్మిదికి ఫోన్ వస్తుంది, సాయంత్రానికి మా గ్యాంగు బండెక్కాలి. గ్యాంగంటే నలుగురు. తత్కాల్ తెరిచే గంటకి బావగారు రెండు వేళ్లతో కంప్యూటర్ మీద పడతారు. బెర్తు రాకపోతే ఎమర్జెన్సీ కోటా కాగితం పట్టుకుని రైల్వే జోన్ ఆఫీసుకి స్కూటరేసుకుపోతారు. వెయిటింగ్ లిస్టు చూసి, ఏ నంబరు కన్ఫర్మ్ అవుతుందో ఏది కాదో నోటి లెక్కతో చెప్పేస్తారు. లోకో షెడ్డులో ముప్పైఆరేళ్లు చేసిన మా మామగారి కొడుకు, ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా.

కాని ఒక లెక్క మాత్రం ప్రతాప్‌గారు ఎర్ర ఇంకుతో గుండ్రంగా చుట్టి పంపారు. నిరుడు రెండువందల పన్నెండు ప్రయాణాలు జరిగితే, అందులో నూటముప్పై ఒకటి గ్యాంగులవి, ఒక్కసారి కూడా నలుగురూ కలిసి వెళ్లలేదు. ఇద్దరు ఒక బోగీలో, ఒకడు ఇంకో బోగీలో, నాలుగోవాడు తరవాత బండిలో. ముగ్గురు వెళ్లి నాలుగోవాడి కోసం అరపూట కూర్చుంటారు. దీనికి కారణం కనుక్కోమని రాశారు.

కారణం కనుక్కోవడానికి నేను రిజిస్టరు తెరవక్కర్లేదు. పదకొండేళ్ల కిందట జూన్‌లో బావగారు ఒక గ్యాంగుని రైల్లో కాకుండా జీపులో పంపారు. నలుగురినీ ఒకే జీపులో. కట్‌ఘోరా దాటాక ఆగి ఉన్న బొగ్గు లారీని వెనక నుంచి గుద్దేసింది. నలుగురూ పోయారు. అందులో రమణ ఒకడు. అప్పటినుంచీ బావగారు ఒక గ్యాంగుని మొత్తంగా ఒక బండిలో కూర్చోబెట్టలేదు.

రిపోర్టులో ఆ గడి ఎదురుగా "పాత అలవాటు" అని రాశాను.

ఫిబ్రవరి 14

యాప్ వాళ్లు వచ్చి చూపించారు. చక్కగా ఉంది. పేర్లు కొడితే చాలు, బండి, బెర్తు, హోటలు, కారు అన్నీ అదే వెతుకుతుంది. నలుగురిని ఒక గ్రూపుగా పెట్టుకుంటే విడదీయదు. కూర్చున్నవాళ్లలో రాజేంద్ర అనే గ్యాంగు మేస్త్రీ ఒక్కడే ప్రశ్న అడిగాడు. సన్యాసి బాబు అయితే మేం దిగగానే మా ఇంటికి ఫోన్ చేసి చెప్తాడు, ఇది చెప్తుందా అని. మెసేజ్ పోతుందని చెప్పారు. మా ఆవిడకి మెసేజ్ చదవడం రాదన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా.

ఏజెన్సీని లిస్టులోంచి కొట్టేశాను. ఫోన్ ఎత్తడానికే పావుగంట పడుతోంది వాళ్లకి.

ఫిబ్రవరి 16, ఆదివారం

మా ఊళ్లోనే తోర్వాలో ఉన్న బావగారింటికి భోజనానికి వెళ్లాను. మా తోడికోడలు అప్పలకొండక్క బెండకాయ పులుసు పెట్టింది. చేతికి అంత రుచి ఉన్న మనిషి నోటికి మాత్రం తాళం వేసుకోలేదు. బావగారు స్కూటర్ రిపేరుకి ఆలస్యంగా ఇచ్చారన్న దగ్గర మొదలుపెట్టి, ఎప్పటిలాగే అక్కడికే చేరింది.

"ఈయన పెత్తనాలకేటి. తమ్ముడినే జీపెక్కించీసిన మనిషి."

బావగారు తల ఎత్తకుండా తిన్నారు. పదకొండేళ్లుగా ఏ గొడవ మొదలైనా ఆ మాటతోనే ఆగుతుంది ఆ ఇంట్లో. మా అత్తగారు అప్పలనర్సమ్మ అయితే ఆ మాట కూడా అనలేదు. పెద్ద కొడుకుతో మాట్లాడ్డమే మానేసింది. ఆయన తెచ్చిన మందు వేసుకునేది కాదు. మూడేళ్ల కిందట మంచాన పడ్డప్పుడు దగ్గర కూర్చున్నదాన్ని నేనే. ఆయన గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చునేవారు. "అమ్మ ఏటైనా తిందా" అని నన్నడిగేవారు. ఆవిడ ఆయన వైపు చూడకుండానే పోయింది.

నేను ఇంకాస్త పులుసు వేసుకున్నాను. ఏం చేయమంటారు, చేతులు ఊరుకోవు కదా.

ఫిబ్రవరి 17

ఈ రిపోర్టు బావగారి గురించి కాదు. కంపెనీ గురించి.

ఫిబ్రవరి 24, సోమవారం

చిత్తు ప్రతి అయింది. యాప్ వైపే మొగ్గాను. కారణాలు తొమ్మిది రాశాను, తొమ్మిదీ నిజాలే. ప్రతాప్‌గారు చదివి, ముందు ఒక వారం రెండు గ్యాంగులతో పరీక్షించి చూద్దామన్నారు.

పదో కారణం ఇక్కడ రాస్తాను. ఆ డెస్కు లేకపోతే రోజూ పొద్దున్నే ఆయన మొహం చూడక్కర్లేదు. కొట్టేద్దామనుకున్నాను ఈ వాక్యం. చదివేవాళ్లెవరూ లేరు, ఉండనీ.

ఆయన నాకు ఒక్క చెడ్డ మాట అనలేదు ఎప్పుడూ. అదే కష్టంగా ఉంది.

మార్చి 5, బుధవారం

సింగ్రౌలీ నుంచి ఫోన్ వచ్చింది. బెల్టు తెగింది, గని ఆగిపోయింది, రేపు పొద్దున్నకి గ్యాంగు కావాలి. రాజేంద్ర గ్యాంగుని యాప్‌లో పెట్టాను. ముగ్గురికి బెర్తులు వచ్చాయి. నాలుగోది, రాజేంద్రది, వెయిటింగ్‌లో పడింది.

యాప్ వెంటనే ఇంకో దారి చూపించింది. రైలు రద్దు చేసి నలుగురికీ ఒకే కారు. రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి చేరతారు. కింద రెండు బటన్లు, అవును, కాదు.

రాజేంద్ర నా టేబులు పక్కనే నిలబడ్డాడు. కారే పెట్టేయండి మేడమ్ అన్నాడు. శనివారం చెల్లెలి నిశ్చితార్థం ఉందట, నలుగురూ కలిసి వెళ్తే శుక్రవారానికి అతుకు పూర్తి చేసుకుని వచ్చేస్తారట. నా చెయ్యి మౌసు మీద ఉంది. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలీదు, నాకు ఒంట్లో బాగాలేదనుకుని "మేడమ్, తబియత్ ఠీక్ హై?" అని అడిగాడు.

కాదు అని నొక్కాను. ముగ్గురినీ రైలెక్కించాను. రాజేంద్రకి రేపటి బండిలో తీశాను. బావగారు పక్క గదిలోనే ఉన్నారు. ఆయన్ని అడగలేదు, ఆయనకి తెలియదు కూడా.

మార్చి 7, శుక్రవారం

గని వాళ్లు గట్టిగా మెయిల్ పెట్టారు. ముగ్గురు వచ్చి ఒక రోజంతా ఖాళీగా కూర్చున్నారని, ఇలా అయితే వేరే కంపెనీని చూసుకుంటామని. ప్రతాప్‌గారు పిలిచి స్క్రీన్ నా వైపు తిప్పారు. యాప్ కారు చూపిస్తే కాదన్నది ఎవరని అడిగారు.

"అది మా సన్యాసిరావుగారి పద్ధతి సార్" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. అబద్ధం కూడా కాదని నాకు నేను చెప్పుకున్నాను. పద్ధతి ఆయనదే కదా.

ప్రతాప్‌గారు బావగారిని పిలిపించారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. రాజేంద్రని ఆపింది మీరేనా అని అడిగారు. బావగారికి ఆ సంగతే తెలియదు. నా వైపు చూడలేదు.

"నేనే సార్. నా నిర్ణయమే."

పదకొండేళ్ల కిందట ఎంక్వైరీలో కూడా ఇవే మాటలు.

ప్రతాప్‌గారు ఆయన్ని పంపేసి, సోమవారం రిపోర్టు ఫైనల్ చేసేయండి, ఇంక ఆలోచించేదేముంది అన్నారు నాతో.

మార్చి 7, సాయంత్రం

రజిని ట్యూషన్‌కి వెళ్లింది. రాసేస్తాను.

జూన్ పదమూడు, శుక్రవారం. ఆ రోజూ సింగ్రౌలీయే. ముగ్గురికి బెర్తులు వచ్చాయి, రమణది వెయిటింగ్‌లో రెండో నంబరు. మా రైల్వే ఊళ్లో వెయిటింగ్ రెండు అంటే కన్ఫర్మ్ అయినట్టే లెక్క, ఎవరినడిగినా అదే చెప్తారు. బావగారు కోటా కాగితం కూడా పెట్టారు. ఆ రోజు ఏదో పెళ్లి బృందం వచ్చి కోటా నిండిపోయింది. చార్టు తయారయ్యేసరికి రెండు రెండుగానే ఉంది. బావగారు రమణకి ఫోన్ చేసి, ముగ్గురు ఇవాళ వెళ్తారు, నువ్వు రేపు వెళ్లు అన్నారు. రమణ సరే అని చెప్పులు విప్పి, నన్ను టీ పెట్టమన్నాడు.

సోమవారం రజినికి పెద్ద స్కూల్లో ఇంటర్వ్యూ. తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలన్నారు. రమణ ఒక రోజు ఆలస్యంగా వెళ్తే పని ఒక రోజు ఆలస్యం, మంగళవారానికి గాని రాడు. నేను వంటింట్లోకి వెళ్లి బావగారికి ఫోన్ చేశాను. ఏడ్చాను కూడా. నా కూతురు కూడా ఈ గల్లీ బడిలోనే చదవాలా అన్నాను. మీరు తలుచుకుంటే అవుతుంది, నలుగురినీ ఎలాగోలా కలిపి పంపండి బావగారూ అన్నాను. రోడ్డు మీద వద్దమ్మా, వానలు మొదలయినాయి అన్నారు. నేను వినలేదు. మీ తమ్ముడి కూతురంటే మీకు లెక్క లేదన్నాను.

గంటలో జీపు వచ్చింది. టీ సగం తాగి లేచాడు రమణ.

శవాలు వచ్చిన రోజు మిగతా ముగ్గురి ఇళ్లవాళ్లూ బావగారి గుమ్మం ముందు నిలబడి దుమ్మెత్తి పోశారు. అత్తగారు గోడకి తల కొట్టుకుంటూ, జీపెందుకు పెట్టేవురా అని అడిగింది. అప్పుడు బావగారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆ తరవాత ఆయన ఎప్పుడూ, ఎవరితోనూ ఆ ఫోన్ మాట ఎత్తలేదు. నాతో కూడా. రెండు నెలలు దాటేసరికి వచ్చి ఉద్యోగం ఉంది రమ్మన్నారు.

నేను ఇన్నాళ్లూ "బావగారు జీపులో పంపారు" అనే చెప్పుకున్నాను. చెప్పగా చెప్పగా నాకే నమ్మకం కుదిరింది. పైన ఫిబ్రవరి పదో తారీకున కూడా అలాగే రాశాను, ఈ డైరీలో, నాకు నేనే.

మార్చి 8

రాసేశాక కూడా నిద్ర పట్టలేదు. ఆ యోగా టీచరుకి ఏమీ తెలియదు.

మార్చి 10, సోమవారం

రిపోర్టు కంటే ముందు నోరు విప్పాను. రాజేంద్రని ఆపింది నేను సార్, సన్యాసిరావుగారికి తెలియదు అన్నాను. ఎందుకని అడిగితే జీపు సంగతి చెప్పాను. ఫోన్ సంగతి కూడా. బయట మనిషితో మొదటిసారి చెప్పడం. మాటలు నేననుకున్నంత కష్టంగా రాలేదు, నాకే ఆశ్చర్యమేసింది. రిపోర్టు మార్చి రాశాను, డెస్కు ఉంచాలి, ఇలాంటప్పుడు కాదనడానికి ఒక మనిషి ఉండాలి అని.

ప్రతాప్‌గారు చెడ్డవాడు కాదు. మంచినీళ్లు తెప్పించారు. చాలా బాధగా ఉంది ఉషగారూ అన్నారు, నిజంగానే అన్నారు. తరవాత, "గ్యాంగంతా ఒకే వాహనంలో వెళ్లకూడదన్నది మంచి రూలే. అది మనుషుల మీద ఎందుకు వదలాలి" అని యాప్ వాళ్లకి ఫోన్ చేశారు. ఒక వాహనంలో ఇద్దరికి మించకూడదు, రాత్రి కారు వద్దు. వాళ్లు అక్కడికక్కడే పెట్టేశారు. రెండు నిమిషాలు పట్టింది.

బావగారు పదకొండేళ్లు తిట్లు తింటూ ఒంటి మీద మోసిన పద్ధతి. ఇప్పుడు దానికి కూడా ఆయన అక్కర్లేదు.

డెస్కు తీసేస్తున్నారు. ఆయన్ని స్టోర్లో వేస్తామన్నారు. బావగారు వద్దని, నెలాఖరుకి మానేస్తానని కాగితం ఇచ్చారు.

మార్చి 16, ఆదివారం

తోర్వా వెళ్లాను. ప్రతాప్‌గారితో చెప్పి ఊరుకుంటే అది ఆఫీసు పని అయిపోతుంది. చెప్పాల్సింది ఆ ఇంట్లో.

అక్క కూర తరుగుతోంది. బావగారు పేపరు చూస్తున్నారు. ఇద్దరి ముందూ కూర్చుని చెప్పాను, ఆ రోజు జీపు పెట్టమని ఏడ్చి అడిగింది నేనని, ఆయన రైలే అన్నారని, వద్దన్నా వినలేదని. బావగారు మధ్యలో "ఊరుకోమ్మా, ఊరుకో" అన్నారు రెండుసార్లు. నేను ఆగలేదు.

అక్క కత్తిపీట పక్కకి పెట్టింది. ఆయన వైపు తిరిగింది.

"నిజవేనా?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. అదే జవాబు. అక్కకి తను తిట్టిన తిట్లన్నీ గుర్తొస్తున్నాయేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నాతో అంది, నెమ్మదిగా. అక్క అంత నెమ్మదిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

"ముసల్ది పోయినప్పుడు మంచం పక్కన నువ్వే కూసున్నావు. ఆయన గుమ్మంలో ఉన్నాడు. అప్పుడైనా నోరు రాలేదేటే నీకు?"

రాలేదు. ఆవిడకి స్పృహ ఉంది, చెవులు వినిపిస్తున్నాయి, ఒక్క వాక్యం చాలు. కొడుకు లోపలికి వచ్చి ఉండేవాడు. నేను చెప్పలేదు. ఎందుకంటే ఆవిడ చివరి రోజుల్లో చెయ్యి పట్టుకున్నది నాది, మంచి కోడలని అన్నది నన్ను. ఆ మాట పోగొట్టుకోలేకపోయాను.

బావగారు నన్ను వీధి దాకా సాగనంపారు. కోపం లేదు మొహంలో. అలిసిపోయినట్టున్నారు.

"ఎందుకు సెప్పీసేవమ్మా. ఆడికి నాను సెయ్యగలిగిందల్లా అదొక్కటే. ఆడి పెళ్లాం మీదికి మాట రానివ్వకుండా సూసుకున్నాను. మాయమ్మకి కూడా సెప్పలేదు. ఇప్పుడు అదీ లేకుండా సేసీసేవు."

నేనాయనకి ఏదో తిరిగి ఇస్తున్నాననుకుంటూ వెళ్లాను.

మార్చి 17

ఆ మిగతా ముగ్గురి ఇళ్లకీ వెళ్లాలి. ఇవాళ కాదు.

మార్చి 24

వెళ్లలేదు.

మార్చి 31, సోమవారం

బావగారి ఆఖరి రోజు. లడ్డూలు పంచారు. రాజేంద్ర కాళ్లకి దండం పెట్టాడు. ప్రతాప్‌గారు శాలువా కప్పి, ఫోటో తీయించారు. బావగారు అందరి టేబుళ్ల దగ్గరికీ వెళ్లి నమస్కారం పెట్టారు, నా దగ్గరికీ వచ్చారు, అందరికీ పెట్టినట్టే పెట్టారు.

నాలుగింటికి అప్పలకొండక్క వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆఫీసు దాకా రావడం ఇదే. మంచి చీర కట్టుకుంది. లోపలికి రమ్మంటే రాలేదు, గేటు దగ్గరే నిలబడింది. బావగారు సంచితో బయటికి వెళ్తే, సంచి తను తీసుకుంది. శాలువా జారితే భుజం మీదికి సర్దింది. ఏదో అడిగింది, ఆయన ఏదో చెప్పారు, ఆవిడ తల ఊపింది. వాళ్లిద్దరూ అలా మామూలుగా మాట్లాడుకోగా చూసి పదకొండేళ్లయింది. సంతోషించాలి నేను. సంతోషించాను కూడా. ఏడుపు ఆగలేదు.

ఆటో ఎక్కారు. అక్క ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఆటో మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. చూడలేదు.